బొడ్డు కింద చుట్ట మచ్చ: జీడితోటల నుంచి వచ్చిన ఒక జ్వరం కేసు

స్క్రబ్ టైఫస్ అనే జ్వరంలో పురుగు కుట్టిన చోట కట్టే నల్లటి పెచ్చును ఎస్కార్ అంటారు. ఈ కేసులో అది మాకు కనిపించలేదని చెప్పుకునే వీలు లేదు. చేరిన రోజు సాయంత్రమే చూశాను. కేస్ షీట్‌లో నా చేత్తోనే రాశాను: "కుడి పొత్తికడుపు మీద పాత కాలిన మచ్చ". చూసి కూడా దాటిపోయాను కాబట్టే ఇది రాస్తున్నాను. కుటుంబం అనుమతి ఇచ్చింది. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆమెకు 56 ఏళ్లు. ఊరు ఉద్దానంలో ఉంది. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడితోటలకు పేరున్న ప్రాంతం అది. ఇప్పుడైతే కిడ్నీ జబ్బుకే ఎక్కువ పేరు. ఆమె సొంత తోటలో పని చేసుకుంటూ, మధ్యలో కూలికి కూడా వెళ్తుంది. బీపీ, షుగర్ లేవు. రోజుకు ఐదారు చుట్టలు తాగుతుంది, అదీ అడ్డపొగ, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని. బయటివాళ్లు నమ్మరు గానీ ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవయసు ఆడవాళ్లలో ఈ అలవాటు ఇంకా ఉంది. ఈ అలవాటుతో తర్వాత పని పడుతుంది కాబట్టి ముందే చెప్పాను.

నవంబర్ చివరి వారంలో తీసుకొచ్చారు. అప్పటికి జ్వరం మొదలై ఎనిమిది రోజులు. మొదటి రెండు రోజులు తలనొప్పి, ఒళ్లు నొప్పులు, చలి. ఊళ్లో వైద్యం చేసే ఆయన ఇంజెక్షన్లు చేసి, మూడు రోజుల్లో నాలుగైదు సెలైన్లు ఎక్కించాడు. ఐదో రోజు టౌన్‌లో రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు 88 వేలు. కార్డు మీద చేసిన డెంగీ ఐజీఎం (యాంటీబాడీ) పరీక్షలో సన్నటి గీత కనిపించిందట. దాంతో డెంగీ అన్నారు, బొప్పాయి ఆకు రసం తాగించారు. ఏడో రోజు నుంచి ఆయాసం. ఎనిమిదో రోజు మూత్రం దాదాపు ఆగింది. ఆటోలో మా దగ్గరికి తెచ్చేసరికి సాయంత్రం ఆరున్నర.

మాది 50 పడకల ఆసుపత్రి. ఐసీయూలో ఆరు మంచాలు, రెండు వెంటిలేటర్లు, మాస్క్ ద్వారా గాలి నెట్టే రెండు బైపాప్ మెషిన్లు ఉన్నాయి. కిడ్నీ డాక్టర్ (నెఫ్రాలజిస్ట్) వారానికి ఒకసారి వస్తారు.

చేరినప్పుడు ఆమె జ్వరం 103 డిగ్రీలు, నాడి 128, బీపీ 86/54, నిమిషానికి 34 శ్వాసలు. గాలిలో ఆక్సిజన్ సాచురేషన్ 83 శాతం. మనిషి స్పృహలోనే ఉంది, అడిగినదానికి ఒక్కో మాటలో జవాబు చెబుతోంది. రెండు ఊపిరితిత్తుల్లో కిందివైపు నీరు చేరినట్టు చిటపట శబ్దాలు (క్రెపిటేషన్లు). కళ్లు కొంచెం ఎర్రగా, ముఖం ఉబ్బినట్టు ఉంది. కాలేయం రెండు వేళ్ల మందం చేతికి తగిలింది. ఎక్స్‌రేలో రెండు వైపులా తెల్లగా మసక. ఎకోలో గుండె బాగానే కొట్టుకుంటోంది, కాబట్టి ఆ నీరు గుండె వల్ల వచ్చింది కాదు. 60 శాతం ఆక్సిజన్ మీద ఏబీజీ (ధమని రక్తపరీక్ష) తీస్తే ఆక్సిజన్ పాక్షిక పీడనం 78. నిష్పత్తి 130, అంటే మధ్యస్థాయి ఏఆర్‌డీఎస్, ఊపిరితిత్తులు నీటితో నిండి రక్తానికి ఆక్సిజన్ అందని స్థితి.

రక్తపరీక్షల్లో తెల్లకణాలు 14,200, ప్లేట్‌లెట్లు 62 వేలు, కాలేయం సంగతి చెప్పే బిలిరుబిన్ 2.1, ఎస్‌జీఓటీ 188, ఎస్‌జీపీటీ 140, అల్బుమిన్ 2.4, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.8 వచ్చాయి. మలేరియా ర్యాపిడ్ టెస్ట్, స్మియర్ రెండూ నెగటివ్.

ఈ అంకెల్ని ఈరోజు కాగితం మీద ఇలా వరసగా పెడితే మెడికల్ స్టూడెంట్ కూడా చెప్పేస్తాడు. ఆ సాయంత్రం అవి నాకు వరసగా కనిపించలేదు. ఒక్కో అంకెకు ఒక్కో జవాబు నా దగ్గర అప్పటికే సిద్ధంగా ఉంది.

ఊపిరితిత్తులకు తీవ్రమైన న్యుమోనియా అనుకున్నాను. చుట్ట తాగే మనిషి, వయసు మళ్లింది, సరిపోయింది. ప్లేట్‌లెట్లకు డెంగీ, లేదంటే సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీయడం. ఇక క్రియాటినిన్ 2.8కి అసలు ఆలోచనే చేయలేదు. ఉద్దానం మనిషి, జవాబు ఊరి పేరులోనే ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు నుంచి క్రియాటినిన్ పెరిగి వచ్చేవాళ్లను ఏళ్ల తరబడి చూస్తున్నాం. నీళ్లను, సిలికాను, పురుగుమందులను, ఎండదెబ్బను అనుమానిస్తూ ఎన్ని పరిశోధనలు జరిగినా ఆ జబ్బుకు మూలకారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి కూడా మొదలయ్యాయి. ఇక్కడ పనిచేసే డాక్టర్‌కి "ఉద్దానం", "క్రియాటినిన్" అన్న రెండు మాటలు ఒకే ఊపిరిలో వస్తాయి. నేనూ అలాగే రాశాను: "పాత కిడ్నీ జబ్బు మీద కొత్త దెబ్బ". పాతది ఉందనడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు.

కడుపు పరీక్ష చేస్తున్నప్పుడు లంగా బొందు కింద, కుడివైపు, శనగగింజ కంటే కొంచెం పెద్దదిగా నల్లటి పెచ్చు కనిపించింది. చుట్టూ సన్నని ఎర్రటి అంచు. ఏమిటిది అని కోడల్ని అడిగాను.

"సుట్ట నిప్పు బాబూ. సగం తాగి ఆర్పకుండా రొంటిన దోపేస్తాది. ఎన్నిసార్లు సెప్పినా ఇనదు."

నాకు నవ్వు కూడా వచ్చింది. మా అమ్మమ్మ అలాగే దోపుకునేది. ఆ జవాబు అంత సహజంగా ఉంది. ఎస్కార్ గురించి పుస్తకాలన్నీ చెప్పే పోలిక ఒకటే, సిగరెట్‌తో కాల్చినట్టు ఉంటుందని. మా దగ్గర ఆ పోలిక నిజంగానే జరిగే సంగతి. చుట్టతో కాలిన మచ్చ నెలకొకటి చూస్తాం. పుస్తకంలోని ఉపమానం నాకు అడ్డం తిరిగింది.

ఆ రాత్రి మొదలుపెట్టిన మందులు సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు, అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. నరం ద్వారా, నార్‌అడ్రినలిన్. శ్వాసకు బైపాప్ పెట్టాం. ఊళ్లో అప్పటికే సెలైన్లు ఎక్కించారు, ఊపిరితిత్తులు నీటితో నిండి ఉన్నాయి, అందుకని బీపీ కోసం ఇంకా నీళ్లు పోయకుండా నార్‌అడ్రినలిన్ మీదే ఆధారపడ్డాం. ఆ ఒక్క నిర్ణయం మొదటి రాత్రే సరిగ్గా తీసుకున్నామని ఇప్పటికీ అనుకుంటాను. ఈ జబ్బులో సన్నని రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని నీరు బయటికి కారుతుంది. ఎంత ఎక్కిస్తే అంత ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అప్పటికి జబ్బు పేరు తెలియకపోయినా ఎక్స్‌రే చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాం.

రెండో రోజు

పొద్దున రౌండ్స్‌కి వచ్చేసరికి మనిషి అలాగే ఉంది. మెరుగు లేదు, మరీ దిగజారనూ లేదు. జ్వరం 102.6. ప్లేట్‌లెట్లు 54 వేలు, క్రియాటినిన్ 3.1. రాత్రి పది గంటల్లో మూత్రం 180 మి.లీ.

పది గంటలకు ఆమె కొడుకు ఇంటి నుంచి ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చాడు. రేషన్ కార్డు, ఆధార్, ఆరోగ్యశ్రీ కాగితాల మధ్య పోయిన ఏడాది ఊళ్లో జరిగిన కిడ్నీ స్క్రీనింగ్ చీటీ ఉంది. క్రియాటినిన్ 0.9.

అల్ట్రాసౌండ్ చేశాం. రెండు కిడ్నీలూ 9.6, 9.8 సెంటీమీటర్లు. పైపొర (కార్టెక్స్) మందంగా, లోపలి భాగానికీ దానికీ తేడా స్పష్టంగా ఉంది. ఏళ్లుగా చెడిన కిడ్నీ ఇలా ఉండదు, కుంచించుకుపోయి తెల్లగా కనిపిస్తుంది. కాబట్టి ఈ కిడ్నీ వారం కిందటి వరకూ బాగానే ఉందని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆ ఒక్క ఇటుక లాగితే మిగతా గోడ నిలబడలేదు. ఎనిమిది రోజుల జ్వరంలో ఒకేసారి ఊపిరితిత్తులు, కిడ్నీలు, కాలేయం, ప్లేట్‌లెట్లు దెబ్బతిన్నాయి. వట్టి న్యుమోనియా అయితే మొదటి రోజుల్లోనే దగ్గు ఉండాలి. ఇక్కడ ఆయాసం వచ్చింది ఏడో రోజు. డెంగీలో తెల్లకణాలు సాధారణంగా తగ్గుతాయి, ఇక్కడ పెరిగాయి. పైగా డెంగీలో ఈపాటికి జ్వరం దిగాలి. కార్డు టెస్ట్‌లో కనిపించిన సన్నగీతకు నేను విలువ ఇవ్వను. పాత డెంగీ వల్ల రావచ్చు, ఇంకో జబ్బు వల్లా రావచ్చు. ఇక మిగిలినవి లెప్టోస్పైరోసిస్, స్క్రబ్ టైఫస్. రెండింటికీ రక్తం విశాఖ ల్యాబ్‌కి పంపాం. రెండింటికీ పనిచేసే డాక్సీసైక్లిన్ అప్పుడే మొదలుపెట్టి ఉండాల్సింది. మొదలుపెట్టలేదు. అజిత్రోమైసిన్ నడుస్తోంది కదా, రిపోర్ట్ వచ్చాక చూద్దాం అనుకున్నాను. ఈ కేసులో నేను చేసిన రెండో తప్పు ఇదే. మొదటి తప్పు చేసేటప్పుడు కనీసం తెలియదు. ఇది తెలిసి చేసింది.

సాయంత్రం డ్యూటీ డాక్టర్, ఎంబీబీఎస్ అయి ఏడాది కూడా కాని అమ్మాయి, కేస్ షీట్ చదివి కోడల్ని నేను అడగని ప్రశ్న అడిగింది. లంగా కాలిందా?

కాలలేదు. చీర మీద కూడా చిల్లు లేదు. ఒంటి మీద అంత లోతుగా కాల్చిన నిప్పు, మధ్యలో ఉన్న రెండు పొరల నూలుబట్టను ముట్టుకోకుండా వదిలేసిందన్నమాట. ఇంకోటి అడిగింది, కాలినప్పుడు అత్తగారు అరిచిందా అని. కోడలు ఆలోచించి, అసలు ఆ మచ్చ స్నానం చేయించేటప్పుడు తానే చూశానని, అత్తకు అది ఉన్నట్టే తెలియదని చెప్పింది. చుట్ట సంగతి ఎవరూ కళ్లారా చూసింది కాదు. మచ్చ కనిపించింది, చుట్ట అలవాటు ఉంది, కథ దానంతట అదే అల్లుకుంది. ఆ కథను నేను కేస్ షీట్‌లోకి ఎక్కించాను.

డ్యూటీ డాక్టర్ ఫోన్ చేస్తే వెళ్లి మళ్లీ చూశాను. నొక్కితే నొప్పి లేదు. కుడి గజ్జలో రెండు బిళ్లలు కట్టి ఉన్నాయి, వాటిని తాకితే మాత్రం నొప్పి. ముందురోజు గజ్జలు చూడనే లేదు.

జ్వరానికి పది పదిహేను రోజుల ముందు ఏం పని చేసిందని అడిగితే కొడుకు చెప్పాడు. పూత రాకముందు జీడితోటలో చెట్ల కింద తుప్పలు కొట్టి, ఎండాకు ఊడ్చారు. నాలుగు రోజుల పని. మధ్యాహ్నం అక్కడే ఆకుల మీద తుండు పరుచుకుని నడుం వాల్చేది.

స్క్రబ్ అంటే మా వైపు మాటలో తుప్పలే. తుప్పల జబ్బు అని పేరులోనే ఉంది.

దీన్ని తెచ్చేది నల్లి జాతికి చెందిన ఒక సన్నపురుగు. మిర్చి రైతులకు ఎర్రనల్లి తెలుసు కదా, ఇది దానికి దూరపు చుట్టం. పెద్దపురుగు మనల్ని కుట్టదు. దాని పిల్ల, చిగ్గర్ అంటారు, ఒక్కసారి మాత్రం జంతువు ఒంటికి అంటుకుని తింటుంది, మామూలుగా అయితే ఎలుకను. మనిషి అడ్డం వస్తే మనిషిని. కంటికి ఆనేంత పెద్దది కాదు. కుట్టిన చోట నొప్పి ఉండదు. ఒరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా అక్కడి నుంచి ఒంట్లోకి వెళ్తుంది. జ్వరం రావడానికి సాధారణంగా ఆరు రోజుల నుంచి మూడు వారాలు పడుతుంది. బట్ట బిగుతుగా ఉండే చోట పురుగు ఆగుతుంది కాబట్టి ఆడవాళ్లలో లంగా బొందు చోట, రొమ్ముల కింద, గజ్జల్లో, చంకల్లో వెతకాలి. చెమట పట్టే చోట నల్లటి పెచ్చు కూడా కట్టదు, పచ్చి పుండులా ఉంటుంది. ఈమెకు పెచ్చు కట్టి మరీ కనిపించింది. అంతకంటే సాయం జబ్బు చేయలేదు.

ఈ బ్యాక్టీరియా మన కణాల లోపల బతుకుతుంది. సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్ లాంటివి ఎన్ని గ్రాములు పోసినా దానికి తగలవు. ఊళ్లో ఇచ్చిన ఇంజెక్షన్లు అందుకే పనిచేయలేదు.

రాత్రి ఎనిమిదిన్నరకు, అంటే చేరిన 26 గంటల తర్వాత, డాక్సీసైక్లిన్ మొదటి డోసు 200 మి.గ్రా. ఇచ్చాం. నరం ద్వారా ఇచ్చేది మా ఫార్మసీలో లేదు. క్యాప్సూళ్లు విప్పి నీళ్లలో కలిపి ముక్కుగొట్టం ద్వారా వేశాం. ఇంజెక్షన్ శ్రీకాకుళం నుంచి బైక్ మీద వచ్చేసరికి రాత్రి ఒంటిగంట. మర్నాటి నుంచి 12 గంటలకోసారి 100 మి.గ్రా. నరంలోనే. అజిత్రోమైసిన్ ఆపలేదు.

రెండు మందులా, ఒకటా

ఆపకపోవడానికి కారణం ఉంది. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇంట్రెస్ట్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్ల ఆధ్వర్యంలో మన దేశంలోని ఏడు కేంద్రాల్లో జరిగింది. తీవ్రమైన స్క్రబ్ టైఫస్, అంటే కనీసం ఒక అవయవమైనా దెబ్బతిన్నవాళ్లను తీసుకున్నారు. వాళ్లను మూడు గుంపులు చేసి నరం ద్వారా డాక్సీసైక్లిన్ ఒక్కటి, అజిత్రోమైసిన్ ఒక్కటి, లేదా రెండూ కలిపి ఏడు రోజులు ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్తోందో డాక్టర్‌కీ రోగికీ తెలియదు. 794 మంది లెక్కలోకి వచ్చారు. 28 రోజుల్లోపు మరణం, ఏడో రోజుకీ తగ్గని అవయవ సమస్యలు, ఐదో రోజుకీ దిగని జ్వరం, ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగినవాళ్లు డాక్సీ గుంపులో 47 శాతం, అజిత్రో గుంపులో 48 శాతం, రెండూ ఇచ్చిన గుంపులో 33 శాతం.

ఈ అంకెల్ని మందుల కంపెనీ మనిషి చెప్పినట్టు చెప్పకూడదు. మరణాల్లో మూడు గుంపుల మధ్య నమ్మదగ్గ తేడా తేలలేదు. లాభం ప్రధానంగా అవయవాలు త్వరగా కోలుకోవడంలో కనిపించింది. అది చిన్న సంగతేమీ కాదు. ఐసీయూ మంచం మీద రెండు రోజులు తగ్గితే మా దగ్గరి కుటుంబానికి ఎంత అప్పు తగ్గుతుందో మాకు తెలుసు. కానీ "రెండు మందులు ప్రాణం నిలబెడతాయి" అని ఆ ట్రయల్ చెప్పలేదు. రెండూ కలిస్తే ఎందుకు మేలు? బ్యాక్టీరియా ప్రొటీన్ తయారుచేసుకునే యంత్రానికి రెండు భాగాలు ఉంటాయి. డాక్సీ ఒక భాగాన్ని, అజిత్రో ఇంకో భాగాన్ని పట్టుకుంటుంది. రెండు చోట్లా అడ్డం పడితే తప్పించుకోవడం కష్టమని పరిశోధకుల వివరణ.

నా పద్ధతి ఇప్పుడు ఇది: అవయవం దెబ్బతింటే రెండూ ఇస్తాను. జ్వరం, ఒళ్లు నొప్పులు మాత్రమే ఉండి నడిచి ఓపీకి వచ్చినవాళ్లకు డాక్సీ ఒక్కటే. ఆ ట్రయల్‌లో అలాంటివాళ్లు లేరు, వాళ్లకు దాన్ని అంటగట్టకూడదు. అజిత్రోమైసిన్‌ని మనం జలుబుకు కూడా రాసి ఇప్పటికే పాడుచేసుకున్నాం. రెండూ ఇస్తున్నప్పుడు ఈసీజీ చూసుకోవాలి. అజిత్రో ఈసీజీలోని క్యూటీ అనే వ్యవధిని సాగదీసి గుండె లయ చెడగొట్టవచ్చు, వాంతులకని పక్కనే దాన్నే సాగదీసే ఓన్‌డాన్‌సెట్రాన్ కూడా ఇస్తుంటాం. ఈమెకు రెండో రోజు క్యూటీ పెరిగితే ఓన్‌డాన్‌సెట్రాన్ ఆపేశాం, పొటాషియం సరిచేశాం.

తెలియకుండానే మేం మొదటి రాత్రి నుంచి సగం వైద్యం చేస్తున్నాం. న్యుమోనియా కోసం వేసిన అజిత్రో ఈ బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తుంది. కాబట్టి ఈమె కోలుకోవడంలో ఏ మందు వాటా ఎంతో ఈ ఒక్క కేసు చూసి చెప్పలేం. డాక్సీ వేసిన 40 గంటలకు జ్వరం పూర్తిగా దిగింది. అది డాక్సీ గొప్పతనమని మా సిస్టర్లు అంటారు. అజిత్రో మూడో డోసు కూడా అదే సమయానికి పడిందని నేను గుర్తుచేస్తాను.

డయాలసిస్ మాట

మూడో రోజు క్రియాటినిన్ 3.4. మూత్రం రోజుకు 450 మి.లీ. ఫోన్‌లో నెఫ్రాలజిస్ట్‌తో మాట్లాడాను. పొటాషియం, యాసిడ్ అదుపులో ఉన్నాయి, ఇంకొక్క రోజు చూద్దాం అన్నారు. ఎందుకైనా మంచిదని కొడుకుతో డయాలసిస్ మాట ఎత్తాను. ఆ ఐదు నిమిషాలే ఈ కేసు మొత్తంలో నాకు కష్టంగా అనిపించినవి.

వేరే ఊళ్లో అయితే "కొన్ని రోజులు మెషిన్ మీద పెడతాం, కిడ్నీ కోలుకున్నాక ఆపేస్తాం" అంటే అర్థమవుతుంది. ఉద్దానంలో డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు బతికినంత కాలం. వాళ్ల వీధిలోనే ముగ్గురు వెళ్తున్నారట, ఆ ముగ్గురిలో ఒకరు ఆమె మరిది. కొడుకు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "అయితే అమ్మకి కూడా వచ్చేసినాది" అన్నాడు. ఇది అది కాదని, పోయిన ఏడాది చీటీలోని 0.9 చూపించి, అల్ట్రాసౌండ్ చూపించి చెప్పాను. ముందురోజు పొద్దుటి వరకూ నేనూ అతనిలాగే అనుకున్నానని మాత్రం చెప్పలేదు.

డయాలసిస్ అవసరం రాలేదు. నాలుగో రోజు మూత్రం 1,100 మి.లీ. దాటింది. నార్‌అడ్రినలిన్ అదే రోజు ఆపాం. ఐదో రోజు బైపాప్ తీసి మామూలు మాస్క్ పెట్టాం. ఆరో రోజు ఇడ్లీ తింది, చుట్ట అడిగింది. స్క్రబ్ టైఫస్ ఐజీఎం ఎలైజా పాజిటివ్ అని ఐదో రోజు రిపోర్ట్ వచ్చింది, లెప్టో నెగటివ్. ఎస్కార్ పెచ్చు మీద పీసీఆర్ చేయిస్తే ఇంకా గట్టి రుజువు దొరికేది. మాకు ఆ సౌకర్యం దగ్గరలో లేదు, మచ్చను చూశాక దానికోసం ఎదురుచూడాల్సిన అవసరమూ లేదు. తొమ్మిదో రోజు క్రియాటినిన్ 1.7తో ఇంటికి పంపాం.

ఒక ప్రాంతం మీద ఒక జబ్బు పేరు ముద్ర పడితే ఏమవుతుందో చూడాలంటే గోరఖ్‌పూర్ చూడాలి. తూర్పు ఉత్తరప్రదేశ్‌లో ఏటా వానాకాలంలో పిల్లల్ని చంపుతూ వచ్చిన మెదడు జ్వరాన్ని దశాబ్దాల పాటు జపనీస్ ఎన్‌సెఫలైటిస్ పేరుతోనే పిలిచారు. దానికి టీకాలు వేశాక కూడా పిల్లలు వస్తూనే ఉన్నారు. 2014, 2015 ప్రాంతంలో ఆ పిల్లల రక్తం పరీక్షిస్తే సగం మందికి పైగా స్క్రబ్ టైఫస్ యాంటీబాడీలు దొరికాయి. డాక్సీకి, అజిత్రోకి లొంగే జబ్బు అది. అక్కడి డాక్టర్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. జవాబు ముందే ఉన్నప్పుడు ప్రశ్న అడగాలని ఎవరికీ తోచదు, అంతే. నా చేతిలో ఉన్నది ఒక్క మనిషి, అక్కడ వేల మంది పిల్లలు.

ఈ కేసు తర్వాత మా వార్డులో రెండు మారాయి. జ్వరం కేస్ షీట్ మీద ఇప్పుడు మనిషి బొమ్మ ముందూ వెనకా అచ్చువేయించాం, మచ్చ ఎక్కడుంటే అక్కడ గుర్తు పెట్టాలి. చంకలు, గజ్జలు చూడకపోతే ఆ గడి ఖాళీగా కనిపిస్తుంది. ఆడవాళ్లను పరీక్షించేటప్పుడు సిస్టర్ పక్కన ఉంటుంది, తెర కడతాం. సిగ్గుపడి చూపించకపోవడం ఎంత ఉందో, మొహమాటపడి మేం అడగకపోవడం అంతే ఉంది. రెండోది, "పురుగు కుట్టిందా?" అని అడగడం మానేశాం. కుట్టినట్టు ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ లేదనే అంటారు. "తుప్పల్లో, తోటలో, గడ్డిలో పని చేశారా, పడుకున్నారా?" అని అడుగుతున్నాం. ఆ డిసెంబర్‌లోనే ఇంకో ఇద్దరు దొరికారు, ఇద్దరూ మూడో నాలుగో రోజుకే. డాక్సీ క్యాప్సూళ్లు రాసి పంపించాం. వాళ్లవి కేస్ స్టడీ రాయాల్సినంత కేసులు కావు.

ఆరు వారాలకు ఆమె చూపించుకోవడానికి వచ్చింది. క్రియాటినిన్ 1.0. మచ్చ మానింది, చిన్న గుంట మిగిలింది. అది పురుగు వల్ల వచ్చిందని చెబితే తల అడ్డంగా ఊపింది. కోడలితో పాటు ఆమె కూడా ఇప్పుడు చుట్ట కథే నమ్ముతోంది. నమ్మితే నమ్మనిచ్చాను, కానీ ఒక పని మిగిలిపోయింది. బైపాప్ మాస్క్ మార్చేటప్పుడు నోరు చూస్తే అంగిలి తెల్లగా మందంగా, మధ్యమధ్య ఎర్రచుక్కలతో ఉంది. అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి అలాగే మారుతుంది, అక్కడే క్యాన్సర్ కూడా వస్తుంది. దంతవైద్యుడికి చూపించి, అవసరమైతే ముక్క తీయించాలని రాసిచ్చాను. రెండుసార్లు ఫోన్ చేయించాను. జీడిపిక్కల పని అయ్యాక వెళ్తామన్నారు.